ముఖం మీద టార్చి నడక

చీకట్లో ఎల్ఈడీ గొట్టం తిప్పి, మనిషి వెనక నెమలి పింఛమో దేవకన్య రెక్కలో గీయడం ఒక్క సాయంత్రంలో పట్టుబడే విద్య. ఇప్పుడు ఆ ఫోటోలు ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి. వాటిలో రెక్కల్ని వదిలేసి ముఖం చూడండి. చాలావాటిలో ముఖం నల్లగా నీడలో కలిసిపోయి ఉంటుంది, లేకపోతే ఫ్లాష్ దెబ్బకి పాలిపోయి ఉంటుంది. లైట్ పెయింటింగ్ సరదాగా నేర్చుకుంటున్నవాళ్ళు గీతల దగ్గరే ఆగిపోతున్నారు. అసలు పనితనం ముఖం దగ్గర తెలుస్తుందని నా అభిప్రాయం.

పద్ధతి చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. గది చీకటి చేసి, కెమెరాని ట్రైపాడ్ మీద బిగించి, షట్టర్ తెరిచి ఉంచుతారు. అది మూసుకునేదాకా సెన్సర్ మీద పడిన వెలుగంతా పోగవుతూనే ఉంటుంది. చీకటి దాని మీద ఏ గుర్తూ పెట్టదు. అందుకే నల్లబట్టలు వేసుకుని, టార్చి పట్టుకుని ఫ్రేములో అటూ ఇటూ తిరిగిన మనిషి ఫోటోలో కనపడడు. అతను వెలుగు పూసినవి మాత్రమే కనపడతాయి.

ఈ వెలుగు గీతల్ని మొదట పట్టుకున్నవాళ్ళు కళాకారులు కారు. 1889లో ఫ్రాన్స్‌లో శరీరధర్మ శాస్త్రవేత్త ఎతియెన్ జూల్ మారే, ఆయన సహాయకుడు జార్జ్ దెమెనీ, మనిషి నడకను పరిశీలించడానికి ఒకరి కీళ్ళకు చిన్న బల్బులు కట్టి నడిపించారు. తర్వాత పాతికేళ్ళకు అమెరికాలో ఫ్రాంక్, లిలియన్ గిల్బ్రెత్ దంపతులు పనివాళ్ళ చేతులకు బల్బులు కట్టి, ఏ కదలిక వృథాగా పోతోందో ఫోటోల్లో వెతికారు. బల్బుకి వెళ్ళే కరెంటుని తెంపుతూ కలుపుతూ ఉండటంతో గీత ముక్కలు ముక్కలుగా పడేది. ముక్కల పొడవుని బట్టి చెయ్యి ఎక్కడ చురుగ్గా సాగిందో, ఎక్కడ తడబడిందో లెక్క తేలేది. చవక ఎల్ఈడీ టార్చిని తక్కువ వెలుగులో పెట్టి గీత గీసినా ఇదే జరుగుతుంది. చాలా టార్చీలు వెలుగు తగ్గించడానికి సెకనుకి ఎన్నోసార్లు ఆరి వెలుగుతుంటాయి మరి. గీత తెగకూడదనుకుంటే టార్చిని పూర్తి వెలుగులో పెట్టి, ముందు ట్రేసింగ్ పేపరు రెండు మడతలు వేసి అంటించాలి.

కళాకారుల్లో మాన్ రే 1935లో చిన్న పెన్ లైటుతో తన ముందున్న గాలిలో చుట్టలు చుట్టి ఫోటో తీసుకున్నాడు. ఆ చిక్కుగీతల్లో ఆయన సంతకం తిరగబడి ఉందని, అద్దంలో చూస్తే చదవగలమని 2009లో ఎలెన్ కేరీ అనే ఫోటోగ్రాఫర్ కనిపెట్టేదాకా ఎవరికీ తట్టలేదు.

అందరికీ గుర్తున్నది మాత్రం 1949 నాటి పికాసో ఫోటోలే. తీసినది లైఫ్ పత్రిక ఫోటోగ్రాఫర్ గ్యోన్ మిలీ. అల్బేనియాలో పుట్టి, అమెరికాలో ఇంజనీరింగ్ చదివినవాడు. ఐస్ స్కేటర్ల బూట్లకు చిన్న దీపాలు కట్టి తీసిన ఫోటోలు పట్టుకెళ్ళి, దక్షిణ ఫ్రాన్స్‌లోని వల్లోరిస్‌లో పికాసోకి చూపించాడు. పెద్దాయనకి హుషారొచ్చింది. చీకటి గదిలో చిన్న దీపం పట్టుకుని, గాలిలో సగం మనిషి సగం గుర్రమైన సెంటార్‌ని, ఎద్దుల్ని గీసి పారేశాడు. ఆ గీత ఎంత ఒడుపుగా ఉందో అని అందరూ మెచ్చుకుంటారు. నాకు మాత్రం మిలీ వెలిగించిన ఫ్లాష్ ముఖ్యం. ఆ ఒక్క మెరుపులో పికాసో ముఖం, వంగిన ఒళ్ళు పడబట్టే అవి పోర్ట్రెయిట్లయ్యాయి. లేకపోతే నల్లకాగితం మీద తెల్లగీతలుగా మిగిలేవి.

ఫ్లాష్‌తో ముఖాన్ని ఆపడం ఇప్పటికీ సులువైన దారి. ఒక్కసారి వెలిగిందంటే ముఖం నమోదైపోతుంది. ఆపైన ఫ్రేములో గీతలు మీ ఇష్టం. టార్చితో ముఖాన్ని వెలిగించడం కాస్త నిదానమైన పని. కానీ ఫ్లాష్‌కి సాధ్యం కానివి కొన్ని అందులో ఉన్నాయి.

మొదటిది నీడ అంచు. చిన్న దీపం ఒకేచోట నిలిస్తే ముక్కు నీడ కత్తితో కోసినట్టు పడుతుంది. అదే దీపం షట్టర్ తెరిచి ఉండగా జానెడు పైకీ కిందికీ కదిలితే, ఎన్నో చోట్ల నుంచి వెలుగు వచ్చినట్టే కాబట్టి నీడ అంచులు కరిగిపోతాయి. వందరూపాయల టార్చి స్టూడియో సాఫ్ట్‌బాక్స్ చేసే పని చేస్తుంది. ఎంత మెత్తదనం కావాలో మణికట్టు నిర్ణయిస్తుంది. ముసలి ముఖంలో ముడతలు చూపాలంటే టార్చిని చెంప పక్కనుంచి, దాదాపు చర్మానికి సమాంతరంగా, తక్కువ కదలికతో తీసుకెళ్ళాలి. పసివాళ్ళకి ఎదురుగా కొంచెం పైనుంచి, వెడల్పుగా తిప్పాలి. ఏదైనా సరే, చెయ్యి ఆగకూడదు. ఆగినచోట తెల్లటి మచ్చ పడుతుంది. గోడకి సున్నం వేసే కుంచెలా, ప్రతి పూత పక్క పూత మీదికి కాస్త ఎక్కాలి.

దూరం రెండో సంగతి. టార్చిని సగం దూరానికి తెస్తే వెలుగు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. మూరెడు దూరంలో ఉన్న చెయ్యి తెలియకుండా జానెడుకి జరిగిందంటే ఆ చెంప తెల్లబోయినట్టే. కాబట్టి సెకన్లు లెక్కపెట్టడం కంటే దూరం పట్టి ఉంచడం ముందు సాధన చెయ్యాలి. టార్చి చుట్టూ నల్లకాగితం గొట్టంలా చుట్టుకుంటే వెలుగు పక్కలకి చిందదు, దీపం లెన్స్ కంట పడదు.

కళ్ళ సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. కంటిపాపలో మెరిసే చుక్క వల్లే ఫోటోలో ముఖానికి ప్రాణం వస్తుంది. టార్చి కదులుతుంది కాబట్టి ఆ చుక్క కాస్తా తీగలా సాగుతుంది. కళ్ళ దగ్గరికి వచ్చేసరికి కదలిక తగ్గించి, ట్రేసింగ్ పేపరు చాటునుంచి క్షణం పాటు చూపించి దాటిపోవాలి. రెప్పపాటుకి భయపడక్కర్లేదు, అది ఫోటోలో తేలదు. చూపు పక్కకి తిరిగితే మాత్రం కన్ను రెండుగా పడుతుంది.

కూర్చున్నవాళ్ళ పని మనం అనుకున్నదానికంటే కష్టం. తొలినాళ్ళ స్టూడియోల్లో తల కదలకుండా వెనక ఇనప ఆసరా పెట్టేవారు. ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ సికిందరాబాద్‌లో స్టూడియో నడిపిన కాలానికి వెలుగుని పట్టే ప్లేట్లు చురుకైనా, కదలకూడదన్న షరతు పూర్తిగా పోలేదు. పాత ఫోటోల్లో తాతలు అంత గంభీరంగా ఉండటానికి నవ్వుని నిలబెట్టి ఉంచలేకపోవడం కూడా ఒక కారణం. మనకి ఇనప ఆసరా అక్కర్లేదు. వీపుకి ఆనుకునే కుర్చీ వేసి, చూడటానికి ఒక గుర్తు చూపించి, ఊపిరి వదిలాక ముఖం మొదలుపెట్టాలి. నాలుగైదు సెకన్లలో ముఖం ముగించి, తర్వాత జుట్టు, భుజాలు, చివర వెనకగోడ. ముఖాన్ని చివరికి ఉంచితే అప్పటికి మెడ వంగిపోయి ఉంటుంది.

మన పెళ్ళి ఫోటోగ్రాఫర్లు ఈ టార్చి పద్ధతిని ఎందుకు పట్టించుకోరో నాకు అర్థం కాదు. జరీ అంచులో ఒక్కో పోగు ఒక్కో కోణంలో మెరుస్తుంది. ఫ్లాష్ ఒకేవైపునుంచి కొడుతుంది కాబట్టి కొన్ని పోగులే పలుకుతాయి. టార్చిని అంచు పొడుగునా నడిపిస్తే జరీ మొత్తం లేస్తుంది. నగల దగ్గర మాత్రం జాగ్రత్త, ముక్కుపుడక మీద మెరుపు కూడా తీగలా సాగుతుంది. చల్లటి నీలం ఛాయ ఎల్ఈడీ మన చామనఛాయ మీద బూడిద రంగు పూస్తుంది. టార్చి ముందు లేత నారింజ సెల్లోఫేన్ కాగితం ముక్క కడితే చర్మం తేరుకుంటుంది.

కాకరపువ్వొత్తితో పేరు రాయడం దీపావళికి ప్రతి ఇంట్లో జరిగే లైట్ పెయింటింగే. గుండ్రటి తెలుగు అక్షరాలు చాలావరకు చెయ్యి ఎత్తకుండా సాగుతాయి. తలకట్టుకీ వత్తుకీ మాత్రం గీత తెంచాలి. టార్చి అయితే వేలు అడ్డం పెడితే సరిపోతుంది, కాకరపువ్వొత్తికి ఆ సదుపాయం లేదు. కెమెరా వైపు తిరిగి రాస్తే అక్షరాలు అద్దంలోలా తిరగబడతాయి. ఫోటోనే తిప్పేస్తే పోతుందనుకుంటారు. అప్పుడు పేరు సరిగ్గా వస్తుంది కానీ అమ్మాయి పైట కుడి భుజం మీదికి వెళుతుంది. రాసే మనిషిని వేరేగా పెట్టి, కెమెరా చూసేవైపే ముఖం పెట్టి రాయించడం మేలు.

ఇనుప పీచుకి నిప్పంటించి గిరగిరా తిప్పే ఫోటోలు పోర్ట్రెయిట్‌కి పనికిరావన్నది నా మాట. ఆ రవ్వలు ఎండుగడ్డినీ బట్టల్నీ అంటుకుంటాయి, మనిషిని పక్కన కూర్చోబెట్టే పని కాదు.

టార్చితో తీసిన ఫోటో ఒకరికొకరు చూపించుకునేటప్పుడు ఐఎస్ఓ 100, ఎఫ్ 8, 30 సెకన్లు అని రాసి ఊరుకుంటారు. ఆ అంకెలు కెమెరా అమర్చుకోవడానికి పనికొస్తాయి గానీ ముఖం ఎలా వచ్చిందో చెప్పవు. రాయాల్సింది టార్చి నడక: ఎడమ చెంప మూరెడు దూరంలో మూడు సెకన్లు, నుదుటి మీదుగా కుడికి ఒక్క పూత, జుట్టుకి వెనకనుంచి రెండు సెకన్లు, కుడి చెవి వదిలేశాం. అలా రాసి ఇస్తే మరో ఊళ్ళో మరో టార్చితో ఇంకొకరు తీసి చూసుకోగలరు.