ముందు గొంతు, తర్వాతే కమాను

మాండలిన్ విద్వాంసుడైన పాలకొల్లు పిల్లాడు యు. శ్రీనివాస్‌కు కర్ణాటక సంగీతం నేర్పిన రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు. పిల్లాడు విన్నదాన్ని తీగల మీద వెతుక్కునేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో మొదటి కచేరీ చేసేనాటికి వాడికి పదేళ్లు నిండలేదు.

గురువుకు ఆ వాయిద్యం రాకపోవడమే శిష్యుడికి కలిసొచ్చిందని నా అనుమానం. వేళ్లు చూసి అనుకరించే వీల్లేదు. చెవితో పట్టుకుని, లోపల పాడుకుని, ఆపైనే మీటాలి.

అందుకే వయొలిన్ కోసం వచ్చిన పిల్లల చేత కూడా నేను ముందు పాడిస్తాను. "ఫీజు వయొలిన్‌కి కదండీ కట్టాం!" అని ఒకావిడ అడిగేసింది. గొంతులో పలకని గమకం కమాను కింద పలకదన్నాను. పూర్తిగా నమ్మినట్టు లేదు.

సరళీ వరుసలంటే పిల్లలకు విసుగంటారు. తప్పు ఆ వరుసల రాగమైన మాయామాళవగౌళది కాదు, మూడు కాలాల్లో గడగడా ఒప్పజెప్పించుకునే మాది. అదే వరుసను ఒకసారి పాపను నిద్రపుచ్చుతున్నట్టు, మరోసారి వీధి చివరున్న నేస్తాన్ని పిలుస్తున్నట్టు పాడమనండి, ఏడేళ్ల పిల్ల కూడా తేడా చూపిస్తుంది. భావం అనేది కీర్తనలదాకా దాచిపెట్టాల్సిన సరుకు కాదు.

మలహరి గీతానికి వచ్చాక, "ఇందులో ఓ స్వరం మాయమైంది, పట్టుకోండి" అంటాను. నిషాదం లేదని వాళ్లే కనిపెడతారు. చెవి చురుకైనవాళ్లు ఇంకాస్త ముందుకెళ్లి, గాంధారం దిగేటప్పుడే వస్తోందని అంటారు. నేను చెప్పి రాయిస్తే అది నోటుబుక్కులో ఉండిపోయేది. తామే కనిపెట్టినవాళ్లు మర్నాడు పోరు పెట్టకుండానే సాధకం చేసి వస్తారు.

మోహన రాగంలో ఐదే స్వరాలు, అందుకే సొంతంగా పాడించడం దాంతో మొదలుపెడతాను. నేనో ముక్క పాడితే పిల్లలు బదులు పాడాలి. తాళం తప్పినా ఆపను. స్వరకల్పన కీర్తనల తర్వాతేనన్న క్రమం మీద నాకు గౌరవమే. కానీ సొంతంగా నాలుగు స్వరాలు కలపడానికి అన్నేళ్లు ఆగితే ఆ చొరవే చచ్చిపోతుంది. టీవీ పోటీ కోసం ఒక్క పాటనే నెలల తరబడి రుద్దించినా జరిగేది అదే.

అమ్మానాన్నలకు ఒక్క విన్నపం. చుట్టాలొచ్చినప్పుడల్లా "ఏదీ, ఓ పాట పాడు" అనకండి. సాధకం వేళ ఫోను పక్కన పెట్టి ఓ పది నిమిషాలు దగ్గర కూర్చోండి. కచేరీలకు తీసుకెళ్లండి, మధ్యలో లేచి వెళ్దామంటే వచ్చేయండి.