ముందు ఐతన్న పేరు

ఈ వారపు వ్యాసమును ఐతన్న పేరుతో ఆరంభించుచున్నాను. ఏలయన, అంతరించెనని లోకము ఆశ విడిచిన ప్రాణి మరల కనబడినదను వార్తను వ్రాయువారము, వారిలో నేనును ఒకడనే, "శాస్త్రజ్ఞులు కనుగొనిరి" అని మొదలిడి, దానిని ముందుగా చేతబట్టిన మనిషిని చివరి పేరాలోనికి నెట్టుచుందుము.

జెర్డాన్ అను ఆంగ్ల వైద్యుని పేర పుస్తకముల కెక్కి, 1900లో అనంతపురము ప్రాంతమున కానవచ్చిన పిమ్మట 86 ఏండ్లు శాస్త్రజ్ఞుల కంటబడక, ఇక లేదనిపించుకొన్న పక్షికి కడప జిల్లా రెడ్డిపల్లి పరిసరములందు కలివికోడి అను చక్కని పేరున్నది. పగలు పొదలమాటున నడగి రాత్రివేళ సంచరించు దానిని పగటి వెదకులాటలు పట్టలేకపోయినవి. 1986 జనవరిలో, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ అచ్చట అన్వేషణ సాగించుచుండగా, వేటగాడైన ఐతన్న దానిని రాత్రిపూట సజీవముగ పట్టెను. పక్షి బొమ్మను ఊరివారికి చూపి, ఇట్టిదానిని ఎరుగుదురా యని యడుగుటతో ఆ పని మొదలయ్యెను. ఎరుగనివాడు ఎరిగినవానిని అడుగు ఆ పద్ధతియే ప్రచారములన్నింటిలో ఉత్తమమని నాకు తోచును.

పట్టుబడిన ఆ పక్షి ఎన్నాళ్ళో బ్రతుకలేదు. ఉత్సాహపు వార్తలలో ఈ సంగతిని కప్పిపుచ్చుట నాకు సమ్మతము గాదు.

అయినను వార్త వృథా పోలేదు. లంకమల కొండల చెంతనున్న చిట్టడవి అభయారణ్యమాయెను. 1988లో తపాలాబిళ్ళ వెలువడెను. తెలుగుగంగ కాలువ దారి సయితము ఈ పక్షి నిమిత్తము మార్చబడెను. పేరైన వినని ప్రాణికొరకు కాలువను మళ్ళించుటకు ఎవరును ఒప్పుకొనరు గనుక, చాటి చెప్పవలసినదే. ఎంతవరకు చెప్పవలెనన్నచోటనే నా భయమంతయు.

పూర్వమొకప్పుడు, అరుదైన పూలమొక్క యొకటి పూచిన కొండబండను దారిగుర్తులతో సహా పరవశించి వర్ణించితిని. మరుసటి యేడు పోయి చూడగా మొక్కయున్నచోట త్రవ్విన గుంట యున్నది. ఆ గుంట నేటికిని నా కన్నులయెదుట నుండి తొలగిపోలేదు.

మొన్న ఒక పాఠకుడు, కలివికోడి తిరుగు పొదలకు దారి తెలుపుడని జాబు వ్రాసెను. పక్షులయందు అతనికిగల ప్రేమ అక్షరాక్షరమునను కనబడుచున్నది. జిల్లా పేరును, కొండ పేరును వ్రాసి, తక్కినది అటవీశాఖవారి నడుగుమని బదులిచ్చితిని.