డ్రమ్ములో చేప, కంకరలో తోటకూర

ఎండాకాలం చెరువు ఎండగానే అడుగున పేరుకున్న ఒండ్రును బండ్లకెత్తి పొలాలకు తోలుకోవడం మనకు తాతల నాటి అలవాటు. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలై చెరువుల పూడిక తీసినప్పుడూ రైతులు ఆ మట్టిని చేలకే తోలుకున్నారు. ఏడాది పొడుగునా చేపలూ కప్పలూ నాచూ నీళ్లలో వదిలిందంతా పైరుకు బలమని వాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. అరుణాచల్ ప్రదేశ్‌లోని జీరో లోయలో అపతానీ తెగవాళ్లు మరో అడుగు ముందుకేసి, వరిమళ్లలోనే చేపల్ని పెంచుతారు. చైనాలోని చింగ్‌తియాన్‌లోనూ అదే పద్ధతి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2005లో దాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వాల్లో చేర్చింది.

ఇప్పుడు డాబాల మీద కనిపిస్తున్న ఆక్వాపోనిక్స్, అంటే చేపల నీళ్లతోనే మొక్కలు పెంచడం, ఈ వంశంలో పుట్టిందే. మంచినీటికి కటకటలాడే వర్జిన్ ఐలాండ్స్‌లో, అక్కడి విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ రకోసీ 1980ల నుంచి తిలాపియా తొట్లనూ కూరగాయల తొట్లనూ కలిపి, ఒకే నీటిని తిప్పి తిప్పి వాడే లెక్కలు తేల్చారు. ఆ తర్వాత అమెరికాలో ట్రావిస్ హ్యూయీ పాత ప్లాస్టిక్ డ్రమ్ములతో చవకైన నమూనా కట్టి, చేతిపుస్తకాన్ని ఉచితంగా పంచిపెట్టాడు. డబ్బు ఎక్కువ పెట్టలేని వాళ్లకు ఇప్పటికీ డ్రమ్మే దారి.

కట్టడం కన్నా ముందు తెలుసుకోవలసింది ఒకటుంది. చేప తిన్న మేతలోని నత్రజనిలో చాలా భాగం మొప్పల గుండా అమ్మోనియాగా నీళ్లలోకి వస్తుంది. అది పేరుకుంటే చేపకే విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా ప్రమాదమే, చేప రక్తం ప్రాణవాయువును మోయలేకుండా చేస్తుంది. ఇంకో రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్ చేస్తుంది. మొక్కలకు కావలసింది అది. ఈ రెండు రకాలూ కంకర రాళ్లకు అంటుకుని బతుకుతాయి, అవి పుంజుకోవడానికి వారాలు పడుతుంది. డ్రమ్ము కొన్న మర్నాడే చేపలు తెచ్చి వదిలే వాళ్లకు వారం తిరక్కుండా చచ్చిన చేపలు పైకి తేలడం కనిపించేది అందుకే. నీళ్లు అద్దంలా ఉంటాయి, అమ్మోనియా కంటికి కనపడదు.

ఇక సామాను. 200 లీటర్ల నీలం డ్రమ్ములు రెండు కావాలి. సెకండ్ హ్యాండ్‌వి వెయ్యి రూపాయల అటూ ఇటూగా దొరుకుతాయి. అంతకుముందు అందులో ఏం పోశారో అడగకుండా కొనకండి. పళ్ల గుజ్జు, పచ్చళ్లు, నూనె అయితే సరే. పురుగుమందో రసాయనమో అయితే ఎన్నిసార్లు కడిగినా వద్దు. అడుగున త్రికోణంలో ఉండే 2 అంకె ఆ ప్లాస్టిక్ ఏ రకమో చెబుతుంది కానీ, అందులో పోసిందేమిటో చెప్పదు. ఒక డ్రమ్మును అడ్డంగా పడుకోబెట్టి, దొర్లకుండా రెండు పక్కలా ఇటుకలు పేర్చి, పైభాగంలో కిటికీలా కోయండి. 150 లీటర్ల నీళ్లు పట్టే చేపల తొట్టి అయింది. రెండో దాన్ని నిలువునా రెండు చెక్కలుగా కోస్తే ఒక చెక్క మొక్కల తొట్టి. రెండో చెక్కను దాచండి, వచ్చే ఏడాది పనికొస్తుంది. మొక్కల తొట్టి చేపల తొట్టి కన్నా ఎత్తున ఉంటే నీళ్లు వాటంతటవే కిందికి దిగుతాయి.

బరువు సంగతి చాలామంది మర్చిపోతారు. 100 లీటర్ల కంకర 150 కిలోలకు తగ్గదు. నీళ్లూ ఇటుకలూ కలిపితే మొత్తం 350 కిలోల పైమాటే. అందుకని డాబా నడిబొడ్డున పెట్టకుండా, కింద పిల్లరో దూలమో ఉన్నచోట గోడవారగా పెట్టండి. ఇల్లు పాతదైతే నేలమీదే నయం.

కంకర 20 ఎంఎం గ్రానైట్‌ది తెచ్చి, నీళ్లు తేటపడేదాకా కడగాలి. సున్నపురాయి కలిసిందేమోనని అనుమానమొస్తే ఒక రాయి మీద నాలుగు చుక్కల వెనిగర్ వేయండి. బుసబుస పొంగితే ఆ కంకర వద్దు. అది నీటి పీహెచ్‌ను పైకి లాగుతూనే ఉంటుంది, మొక్కలకు ఇనుము అందదు.

చేపల తొట్టిలోంచి నీళ్లు పైకెత్తే మోటారు కోసం పెద్ద షాపులకు తిరగకండి. ఎయిర్ కూలర్‌లో వేసే 18 వాట్ల చిన్న మోటారు చాలు. కొనేటప్పుడే రెండు కొనండి, ఒకటి చెడిపోవడం ఖాయం. 15 నిమిషాలు తిరిగి 45 నిమిషాలు ఆగేలా టైమర్ పెట్టండి. మొక్కల తొట్టి అడుగున ఒక అంగుళం పైపు నిలబెట్టి, దాని మొదట్లో చిన్న బెజ్జం వేయాలి. పైపులోకి కంకర పోకుండా చుట్టూ చిల్లుల గొట్టం ఉండాలి. మోటారు తిరిగినంతసేపు నీళ్లు పైపు తల దాకా నిండి, ఎక్కువైంది పొర్లి చేపల్లో పడుతుంది. ఆగాక బెజ్జంలోంచి మెల్లగా ఖాళీ అవుతూ వేళ్లకు గాలి తగులుతుంది. పైన రెండంగుళాల కంకర ఎప్పుడూ పొడిగా ఉండాలి, అప్పుడు నాచు పట్టదు. చేపలకు విడిగా 5 వాట్ల ఎయిర్ పంపు రాత్రీపగలూ తిరగాలి. రెండింటికీ కలిపి కరెంటు నెలకు 7 యూనిట్లు. కరెంటు పోయినప్పుడు ఎయిర్ పంపు ఆగకుండా ఇన్వర్టర్ మీద ఉంచండి. తొట్టిలో చెయ్యి పెట్టేముందు ప్లగ్గు తీసేయడం ఇంట్లో పిల్లలకు కూడా నేర్పండి.

నీళ్లు తిప్పడం మొదలుపెట్టాక నాలుగు నుంచి ఆరు వారాలు చేపలు లేకుండా ఆగాలి. కుళాయి నీళ్లయితే ముందు ఒక రోజు నిల్వ ఉంచితే క్లోరిన్ పోతుంది. రోజూ చిటికెడు చేపమేత వేస్తే అది కుళ్లి అమ్మోనియా వస్తుంది. ఎవరిదైనా పాత అక్వేరియం ఫిల్టర్ స్పాంజి తెచ్చి ఈ నీళ్లలో పిండితే బ్యాక్టీరియా త్వరగా పుంజుకుంటుంది. అక్వేరియం షాపులో అమ్మే చుక్కల కిట్‌తో పరీక్షిస్తూ ఉండండి. అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు దిగి నైట్రేట్ కనిపించిన రోజు చేపలకు ముహూర్తం.

ఏ చేప? రోహూ, బొచ్చెలకు ఈ డ్రమ్ము చాలదు, వాటికి ఈదే చోటు కావాలి. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ మన దేశంలో నిషిద్ధం, ఎవరు అంటగట్టినా వద్దు. కొత్తవాళ్ల పొరపాట్లను తిలాపియా బాగా తట్టుకుంటుంది. దాని పెంపకానికి నిబంధనలున్నాయి కాబట్టి మత్స్యశాఖను అడిగి తెచ్చుకోండి, చెరువులోకో కాలువలోకో వదలకండి. మన కొర్రమీను పైకొచ్చి గాలి పీలుస్తుంది, కాబట్టి కరెంటు పోయినా గట్టెక్కుతుంది. కానీ ఎగిరి బయట పడుతుంది, పెద్దది చిన్నదాన్ని మింగుతుంది. దాన్ని రెండో ఏడాదికి ఉంచుకోవడం మేలు. చేప తినని ఇళ్లలో నాలుగు చిన్న కోయి చేపలు చాలు, తోటకూరకు ఆ తేడా తెలియదు.

ఆహార, వ్యవసాయ సంస్థ 2014లో వేసిన చిన్నతరహా ఆక్వాపోనిక్స్ పుస్తకం ప్రకారం ఆకుకూరలకు చదరపు మీటరుకు రోజుకు 40–50 గ్రాముల మేత పడాలి. మన అరడ్రమ్ము అర చదరపు మీటరు, అంటే 20–25 గ్రాములు. ఆ మేతకు కిలోన్నర చేపలు సరిపోతాయి. పది తిలాపియా పిల్లలు మించకూడదు. పిల్లలు చిన్నవిగా ఉన్నప్పుడు ఆ మేత కూడా ఎక్కువే, కాబట్టి పది నిమిషాల్లో తినేసినంతే వేయండి. మేత మిగిలితే తీసేయండి. అమ్మోనియా పెరిగితే రెండు రోజులు మేత ఆపండి, చేపకు పస్తు ప్రమాదం కాదు.

మొదటి పంటగా తోటకూర, పాలకూర, బచ్చలి, పుదీనా వేయండి. నీళ్లలోనే పెరిగే తూటికూర అయితే ఇక చెప్పక్కర్లేదు. టమాటా, మిరప తొట్టి ముదిరాక. లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము లోపం. కీలేటెడ్ ఐరన్ కొద్దిగా కలిపితే కుదురుకుంటుంది. కంకరలో గుప్పెడు ఎర్ర వానపాములు వదిలితే చేపల మలాన్ని అవే చూసుకుంటాయి.

మిద్దెతోట అలవాటున్నవాళ్లకు ఒక హెచ్చరిక. జీవామృతం, పేడనీళ్లు ఇందులో పోస్తే అమ్మోనియా ఒక్కసారిగా ఎగబాకుతుంది. వేపనూనె చల్లితే కింద పడ్డ చుక్కలు చేపలకు చేటు. బోర్డో మిశ్రమంలోని రాగి మరీ చేటు. పురుగు పడితే చేత్తో ఏరాలి, ఆకులు తుంచాలి, పేనుబంకను నీళ్లతో కొట్టాలి. చాకిరీయే, కాదనను. అయితే ఈ కూరకు మందు కొట్టలేదని ఎవరూ హామీ ఇవ్వనక్కర్లేదు. కొడితే ముందు చచ్చేది చేపే కదా.

చేపల కోసం ఈ పని పెట్టుకుంటే లెక్క గిట్టదు. ఏడాదికి దొరికే రెండు మూడు కిలోలు బజారులో ఇంతకన్నా చవక. గిట్టేది ఆకుకూర, మిగిలేది నీళ్లు. ఆవిరైనవీ మొక్కలు తాగినవీ తప్ప చుక్క బయటికి పోదు. కుండీల కింద కారిపోయే నీళ్లను చూసినవాళ్లకు ఆ విలువ తెలుసు.

ఎండాకాలంలో మాత్రం మొదలుపెట్టకండి. డాబా మీద నీళ్లు 35 డిగ్రీలు దాటితే వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, అమ్మోనియా విషం పెరుగుతుంది. వానలు తగ్గుముఖం పట్టాక మొదలుపెడితే ఎండలు వచ్చేసరికి తొట్టి కుదురుకుని ఉంటుంది, అప్పుడు 50 శాతం గ్రీన్ నెట్ కప్పితే సరిపోతుంది. డ్రమ్ము మాత్రం ఇప్పుడే కొని, కడిగి పెట్టుకోండి.