నాయకుడు కనిపించని నాటకం

చూడ్డానికి ఏమీ ఉండదు. స్టాండుకి ఒక సంచి వేలాడుతుంది. అందులో ఎర్రగా, కాస్త మసకగా ఉండే ద్రవం. ఛాతీ దగ్గర ముందే అమర్చిన గొట్టంలోంచి అది చుక్కచుక్కగా సిరలోకి దిగుతుంది. గంటలో అయిపోవచ్చు, ఇంకాస్త పట్టొచ్చు. నర్సు పక్కనే నిలబడి బీపీ, జ్వరం చూసుకుంటూ ఉంటుంది. మంచం మీద మనిషికి ఒక్కోసారి నిద్ర కూడా పట్టేస్తుంది. థియేటర్ లేదు, కత్తి లేదు, కుట్లు లేవు. మార్పిడి అనగానే సినిమాలు మనకి అలవాటు చేసిన ఎర్రలైటూ, తలుపు బయట పచార్లూ లేవు. మూలకణాల మార్పిడి ఆ పూటకి ఇంతే. వార్డు భాషలో ఆ రోజు పేరు ‘డే జీరో’.

ఈ వైద్యంలో అందం ఉందని, ఉన్నదంతా ఈ ‘ఏమీ కనబడకపోవడం’లోనే ఉందని నా అభిప్రాయం. మన ఆలంకారికులు చెప్పే ధ్వని ఎక్కడైనా శరీరంలో ఉంటే అది ఎముకల మూలుగలోనే ఉంది. అక్కడ నాయకుడు ఎప్పుడూ రంగస్థలం మీదికి రాడు. వచ్చి వెళ్ళాడని మిగతావాటి వల్ల తెలుస్తుంది.

ముందు ఒక గాజుపలక చూద్దాం. మూలుగ చుక్కని పలక మీద పల్చగా లాగి, లీష్మన్ రంగు పోసి, కడిగి, ఆరబెట్టి మైక్రోస్కోపు కింద పెడతారు. ఆ రంగుకి మద్రాసుతో చిన్న చుట్టరికం ఉంది. విలియం లీష్మన్ 1903లో కాలాజ్వరపు పరాన్నజీవి గురించి ప్రకటించాడు. అదే ఏడాది అదే జీవిని సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న జనరల్ హాస్పిటల్లో, అంటే ఇప్పటికీ ఊరంతా జీహెచ్ అని పిలిచే చోట, చార్లెస్ డొనవాన్ చూశాడు. జీవికి ఇద్దరి పేర్లూ కలిపి పెట్టారు. రంగుకి మాత్రం లీష్మన్ పేరొక్కటే దక్కింది.

ఆ రంగులో పడిన మూలుగని ఓపిగ్గా చూడాలి. ఎర్రకణం పుట్టేటప్పుడు ఎర్రగా ఉండదు. చిక్కటి నీలం. మధ్యలో పెద్ద గుండ్రటి కేంద్రకం. పక్కనే దాని తరవాతి వయసు కణం, నీలం కాస్త తగ్గి బూడిదరంగుకి తిరిగింది. ఆ పక్కన ఇంకొకటి, హిమోగ్లోబిన్ నిండుతున్న కొద్దీ గులాబి ఎక్కుతోంది. కేంద్రకం మాత్రం రోజురోజుకీ ముడుచుకుపోయి నల్లటి చుక్క అవుతుంది. చివరికి కణం తన కేంద్రకాన్నే బయటికి నెట్టేస్తుంది. ఆ క్షణంలో రంగుకి చిక్కిన కణం ఒకటి దొరికిందంటే ఆ పలకని వదలబుద్ధి కాదు. నీలం నుంచి గులాబికి వెళ్ళే ఆ వరస అంతా ఒకే పలక మీద, ఒకే చూపులో ఉంటుంది. మధ్యమధ్య మెగాకార్యోసైట్లు, మిగతావాటి పక్కన రాక్షసుల్లా, అంచులు చిట్లించుకుని ప్లేట్‌లెట్లుగా రాలుతూ కనిపిస్తాయి. శరీరం సెకనుకి ఇరవై లక్షలకు పైగా ఎర్రకణాలు తయారు చేస్తుందన్న లెక్క పుస్తకంలో చదివితే అంకె. ఇక్కడ చూస్తే సందడి.

మరి ఇంత సందడికీ మూలమైన కణం ఏది? వేలు పెట్టి చూపించలేరు. అది మామూలు చిన్న లింఫోసైట్‌లా ఉంటుంది. ముప్పయ్యేళ్ళు పలకలు చూసిన డాక్టరు కూడా ‘ఇదే’ అనలేడు. 1961లో టొరాంటోలో జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెకల్లక్ దాన్ని పట్టుకున్నది కళ్ళతో కాదు. రేడియేషన్‌తో మూలుగ చచ్చిపోయిన ఎలుకలకి కొత్త మూలుగ కణాలు ఎక్కించారు. పదో రోజుకి వాటి ప్లీహం మీద బొడిపెలు లేచాయి. ఎక్కించిన కణాలు ఎన్ని ఎక్కువైతే బొడిపెలూ అన్ని ఎక్కువ. సుమారు పదివేల కణాలకి ఒక బొడిపె. రెండేళ్ళ తరవాత, ఒక్కో బొడిపె ఒక్కో కణం సంతానమేనని తేలింది. చూడలేనిదాన్ని లెక్కపెట్టారు. శాస్త్రంలో వ్యంగ్యార్థం అంటే ఇదీ.

సంచిలోని కణాలు సిరలోకి దిగాక ఏం జరుగుతుందో తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. వాటిని ఎముకల్లోకి ఎవరూ పంపరు. డాక్టరు పని సిర దగ్గరే అయిపోయింది. అవి గుండెలోకి, ఊపిరితిత్తుల్లోకి, ఒళ్ళంతా తిరుగుతాయి. మూలుగలోని సన్నటి రక్తనాళాల గోడలు మాత్రం సీఎక్స్‌సీఎల్12 అనే ఒక ప్రోటీన్‌ని వెదజల్లుతూ ఉంటాయి. మూలకణం ఒంటి మీద దాన్ని పసిగట్టే గ్రాహకం ఉంది. ఆ కబురు తగిలిన చోట కణం వేగం తగ్గించి, గోడ వెంట దొర్లి, ఆగి, గోడ దాటి లోపలికి జొరబడుతుంది. ఊరు కొత్త, ఒళ్ళు కొత్త, అయినా ఇల్లు తెలుసు.

దాత ఒంట్లోంచి వాటిని బయటికి తీసే పద్ధతి కూడా ఇదే వాక్యాన్ని వెనక్కి చదవడం. జీసీఎస్ఎఫ్ ఇంజక్షన్లు నాలుగైదు రోజులు ఇస్తే మూలుగ పట్టు సడలి మూలకణాలు రక్తంలోకి వచ్చేస్తాయి. ఒక చేతిలోంచి రక్తం తీసి, యంత్రం వాటిని వేరు చేసి, మిగతాది ఇంకో చేతికి తిరిగిచ్చేస్తుంది. కొన్ని గంటల పని. 2009 నుంచి చెన్నైలో నడుస్తున్న ‘దాత్రి’ దాతల రిజిస్ట్రీలో చేరాలంటే బుగ్గ లోపల దూదిపుల్ల రాయించుకుంటే చాలు. ఆ తరవాత పిలుపు ఎప్పుడొస్తుందో తెలియదు, అసలు రాకపోవచ్చు కూడా.

దాతకీ రోగికీ కణజాలపు గుర్తులు కలవాలి; తోబుట్టువుతో అవి పూర్తిగా మ్యాచ్ అయ్యే అవకాశం నాలుగింట ఒకటి. ఇక్కడ మన మేనరికాల సంగతి ఒకటి చెప్పాలి. మేనమామనో మేనబావనో చేసుకునే కుటుంబాల్లో థలసీమియా లాంటి వంశపారంపర్య రక్తవ్యాధులకి దారి సులువవుతుంది. అదే కారణంగా, తోబుట్టువు కుదరకపోయినా పెదనాన్న పిల్లల్లోనో అత్తకూతుళ్ళలోనో మ్యాచ్ దొరికే అవకాశమూ పెరుగుతుంది. జబ్బు తెచ్చిన చుట్టరికమే మందు తేవడం అన్నది నాటకకర్త రాస్తే మరీ కల్పితంగా ఉందంటాం.

డే జీరోకి ముందు వారం గురించి మాట్లాడకుండా అందం గురించి మాట్లాడేవాడిని నేను నమ్మను. కొత్త కణాలకి చోటివ్వాలంటే పాత మూలుగని మందులతో, ఒక్కోసారి రేడియేషన్‌తో తుడిచేయాలి. జుట్టు రాలుతుంది. నోరంతా పుళ్ళు, ఉమ్ము కూడా మింగుడుపడదు. పలక మీద ఇప్పుడు సందడి లేదు. కొవ్వు ఉన్నచోట ఖాళీ గుండ్రాలు, అక్కడొకటి ఇక్కడొకటి కణం. వడగట్టిన గాలి వచ్చే గది, బాగా ఉడికించిన తిండి, అద్దం అవతల అమ్మ. నెల్లూరు నుంచో తిరుపతి నుంచో వచ్చి చెన్నైలో తేనాంపేట వైపు గది అద్దెకి తీసుకున్న కుటుంబాలకి ఈ రోజుల్లో ఒకటే ప్రశ్న: “కౌంట్ ఎంతండీ ఇవాళ?” సున్నా. మర్నాడు సున్నా. రెండు మూడు వారాలకి ఏదో ఒక పొద్దున రిపోర్టులో ఒక అంకె కనిపిస్తుంది. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు 500 దాటి వరసగా మూడు రోజులు నిలబడితే మొదటి రోజుని ‘నాటుకున్న రోజు’గా రాసుకుంటారు. చప్పట్లు అక్కడ. కొందరికి ఆ అంకె రాదు. అదీ ఈ ప్రదర్శనలో భాగమే.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం. దాత మూలకణాలతోపాటు దాత రోగనిరోధక సేనలోని టీ కణాలూ వస్తాయి. అవి కొత్త ఒంటిని పరాయిదిగా చూసి చర్మం మీద, పేగుల మీద, కాలేయం మీద పడతాయి. ప్రాణం తీసేంత తగవు. అయితే లుకేమియాలో దాక్కుని మిగిలిన క్యాన్సర్ కణాన్ని వెతికి చంపేదీ ఈ తగవే. అచ్చం ఒకేలా ఉన్న కవల సోదరుడి నుంచి తీసుకున్నవాళ్ళకి ఈ పోరు ఉండదు. కానీ జబ్బు తిరగబెట్టడం వాళ్ళలోనే ఎక్కువని పరిశోధనలు తేల్చాయి. పూర్తి పోలికలో రసం పుట్టలేదన్నమాట. కొంచెం విరోధం కావాలి. ఎంత? అక్కడే కళ ఉంది. కూరలో ఉప్పులా ఎంతన్నది చెయ్యి తిరిగినవాళ్ళకే తెలుసు. థలసీమియాలో చంపాల్సిన క్యాన్సర్ లేదు కనక అక్కడ ఈ తగవు శుద్ధ నష్టం, ఎంత తక్కువైతే అంత మంచిది.

ఆ ‘ఎంత’ని పట్టుకున్న తొలి గట్టి పద్ధతుల్లో ఒకటి 1986లో అమెరికాలోని సియాటిల్ బృందం ప్రకటించింది. సైక్లోస్పోరిన్‌కి తోడు చిన్న మోతాదుల్లో మెథోట్రెక్సేట్: ఒకటో రోజు, మూడో రోజు, ఆరో రోజు, పదకొండో రోజు. కచేరీలో తాళం వేసినట్టు లెక్కగా ఉంటుంది, కానీ లెక్క వెనక తర్కం ఇంకా సొగసు. మెథోట్రెక్సేట్ ఫోలిక్ యాసిడ్ వేషం వేసుకున్న మోసగాడు. విభజన చెందుతున్న కణం దాన్ని విటమిన్ అనుకుని పట్టుకుని చస్తుంది. ఎక్కించిన మర్నాటికి పరాయి ఒంటిని చూసి రెచ్చిపోయి, ఒకటికి పదిగా పెరుగుతున్నవి టీ కణాలు. మూలకణం చాలామటుకు నిద్రలోనే ఉంటుంది. మందు మెలకువగా ఉన్నవాణ్ణి కొట్టి, నిద్రపోయేవాణ్ణి చాలావరకు వదిలేస్తుంది. నోటి పుళ్ళు ఇంకాస్త ముదురుతాయి, కౌంట్ లేవడం కొంచెం ఆలస్యమవుతుంది. ఆ ధర కట్టక తప్పదు.

ఈ మోసగాడి పుట్టిల్లు మన యల్లాప్రగడ సుబ్బారావు ప్రయోగశాల. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివిన మనిషి. ఆపరేషన్ థియేటర్లో ఖద్దరు గౌను వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్‌కి కోపం వచ్చి, ఎంబీబీఎస్‌కి బదులు తక్కువ స్థాయి ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. తరవాత అమెరికా వెళ్ళి, లెడర్లీ సంస్థలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారు చేసింది. దానికి ఎదురు నిలిచే అమినోప్టెరిన్‌ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల లుకేమియాకి వాడి, 1948 జూన్‌లో ఫలితాలు ప్రచురించాడు. ఆగస్టులో సుబ్బారావు పోయాడు. అమినోప్టెరిన్ తమ్ముడే మెథోట్రెక్సేట్. మద్రాస్ మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్‌కి పనికిరాడన్న కుర్రాడి బృందం చేసిన మందు అదే ఊళ్ళో వార్డుల్లో పదకొండో రోజు సిరంజిలోకి ఎక్కడం చూస్తే, అదేదో వేళాకోళంలా ఉంటుంది. నాకు అందులో కరుణ కన్నా హాస్యమే ఎక్కువ కనిపిస్తుంది.

మెలకువగా ఉన్నవాణ్ణి కొట్టే ఆ తర్కాన్నే సైక్లోఫాస్ఫమైడ్ అనే మందుతో జాన్స్ హాప్‌కిన్స్ వాళ్ళు ఇంకా ముందుకి తీసుకెళ్ళారు. మూడో రోజూ నాలుగో రోజూ ఆ మందు ఇస్తే, సగమే మ్యాచ్ అయిన తల్లో తండ్రో దాత కావచ్చు. తేనాంపేట అపోలోలో పిల్లల రక్తవ్యాధుల నిపుణురాలు రేవతి రాజ్ బృందం ఇలాంటి సగం మ్యాచ్ మార్పిళ్ళు చేస్తూ, ఫలితాలు ప్రచురిస్తూ వస్తోంది.

సెంట్రల్‌లో రైలెక్కితే రెండు గంటల్లో కాట్పాడి. అక్కడి వేలూరు సీఎంసీలో 1986 నుంచీ మార్పిళ్ళు జరుగుతున్నాయి. అంతకు మూడేళ్ళ ముందు, 1983లో, ముంబయి టాటా ఆస్పత్రిలో సురేశ్ అద్వానీ ఒక తొమ్మిదేళ్ళ పాపకి ఆమె సోదరుడి మూలుగ ఎక్కించారు. వేలూరు వాళ్ళ శైలి వేరు. థలసీమియా పిల్లల్లో ఏడేళ్ళు దాటి, కాలేయం అయిదు సెంటీమీటర్లు పెరిగినవాళ్ళని ప్రత్యేకంగా గుర్తించి, వాళ్ళకి బుసల్ఫాన్ పద్ధతి బదులు ట్రియోసల్ఫాన్ ఆధారమైన పద్ధతి, రక్తంలోంచి తీసిన మూలకణాలు వాడితే ఎక్కువమంది బతికారని 2013లో చూపించారు. గొప్ప సంపాదకుడు ఒక పేరా సరిదిద్దినట్టుంటుంది ఆ వ్యాసం, ఎక్కడా హడావిడి లేదు. వేలూరులోనే పనిచేసిన అలోక్ శ్రీవాస్తవ బృందం ఇంకో మెట్టెక్కి, 2024 డిసెంబరులో ఆ ఫలితాలు ప్రచురించింది. హీమోఫీలియా ఉన్న అయిదుగురి సొంత మూలకణాలనే బయటికి తీసి, లెంటీవైరస్ సాయంతో వాటిలో సరిగా పనిచేసే జన్యువుని పెట్టి, వాళ్ళకే తిరిగి ఎక్కించారు. ఆ తరవాత గమనించిన కాలంలో అయిదుగురిలో ఒక్కరికీ రక్తస్రావం కాలేదు. ఇందులో దాతా లేడు, తగవూ లేదు.

దాత ఉన్న కథల్లో మాత్రం ఫలితం వింతగా ఉంటుంది. ఓ పాజిటివ్ మనిషి కొన్ని నెలలకి బీ పాజిటివ్ అవుతాడు. అక్క ఇచ్చిన కణాలైతే తమ్ముడి రక్తంలో ఆడపిల్ల క్రోమోజోములు కనిపిస్తాయి, చర్మంలో మాత్రం పాతవే. చిన్నప్పటి టీకాల జ్ఞాపకం పాత మూలుగతోపాటు చాలామటుకు పోయింది కనక, మళ్ళీ మొదటినుంచీ వేయాలి. యాభయ్యేళ్ళ ఆయన చంటిపిల్లల టీకాలకి తేదీలు రాయించుకుంటాడు. తట్టు లాంటి, బతికున్న వైరస్‌తో చేసిన టీకాలకైతే మామూలుగా రెండేళ్ళు ఆగాలి.