లుంగీలు ఆరేసిన మంటపం

హంపికి మొదటిసారి 2010లో వెళ్ళాను. చేతిలో చవక డిజిటల్ కెమెరా. మూడు రోజుల్లో నాలుగొందల ఫోటోలు తీశాను, సగానికి పైగా చెత్త. ఈసారి నాన్న పాత ఫిల్మ్ కెమెరా, ఒక నలుపు-తెలుపు రీలు పట్టుకెళ్ళాను. ముప్పై ఆరే ఫ్రేములు. ఆచితూచి తీస్తే ఆనాటి హంపి మళ్ళీ దొరుకుతుందని ఆశ.

రీలు కడిగించి చూస్తే ఫోటోలు చాలా బాగున్నాయి. నా అనుమానం అక్కడే మొదలైంది.

విరూపాక్షాలయం ఎదుట తూర్పుకి సాగే బజారు వీధి. రెండు పక్కలా రాతి మంటపాలు. నేను మొదట చూసినప్పుడు అవి ఇళ్ళు, టీ కొట్లు. రాయల కాలపు స్తంభాలకి తాడు కట్టి ఎవరో లుంగీలు ఆరేశారు. 2011 జూలైలో బుల్డోజర్లు వచ్చాయి. వారసత్వ కట్టడాల్ని కాపాడాలన్నారు, కాపురాలు లేచిపోయాయి. ఇప్పుడు నా ఫ్రేములో స్తంభాలు, నీడలు, ఒక కుక్క. పైగా ఫిల్మ్ గ్రెయిన్. మొన్నమొన్న మనుషుల్ని వెళ్ళగొట్టిన వీధి, ఎప్పుడో కాలమే ఖాళీ చేసిన వీధిలా కనిపిస్తోంది. ఫోటో అబద్ధం చెప్పలేదు గానీ, అబద్ధానికి బాగా నప్పింది.

అలెగ్జాండర్ గ్రీన్‌లా 1856లో మైనం పట్టించిన కాగితపు నెగటివ్‌ల మీద హంపిని ఫోటోలు తీశాడు. ఆ పద్ధతిలో కాగితానికి చాలాసేపు వెలుతురు తగలాలి. అటూ ఇటూ కదిలే మనిషి దాని మీద నిలవడు. అతని హంపిలోని నిశ్శబ్దంలో కొంత వాటా రసాయనాలదే. అయినా ఆ ఫోటోలు మనకి కావాలి. విఠలాలయంలో రాతిరథం మీద అప్పుడు ఇటుక శిఖరం ఉండేదని వాటిలో కనిపిస్తుంది. మన యాభై రూపాయల నోటు మీదున్నది శిఖరం పోయిన రథం. 1980ల్లో జాన్ గాలింగ్స్ అవే చోట్ల నిలబడి మళ్ళీ తీశాడు. ఆ రెండు ఫోటోలూ పక్కపక్కన పెడితే ఏం మిగిలిందో, ఏం పోయిందో లెక్క తేలుతుంది. నా రీలులో ఆ లెక్క లేదు, ఉన్నదల్లా దిగులు. అదీ అందమైన దిగులు.

ఫిల్మ్ మనకి ఓపిగ్గా చూడటం నేర్పుతుందంటారు. నేనూ చాలామందికి చెప్పాను. నిజానికి ఆ ఓపికతో నేను చేసిందేమిటంటే, బడిపిల్లల గుంపు ఫ్రేములోంచి వెళ్ళిపోయేదాకా ఇరవై నిమిషాలు ఆగాను. ఇళ్ళు కూల్చినవాళ్ళు కోరుకున్నదీ ఆ ఫ్రేమే కదా! (మన తెలుగువాళ్ళ సంగతి వేరే చెప్పాలా? హంపి అంటే మనకి రాయలు, అష్టదిగ్గజాలు. అక్కడ కన్నడం మాట్లాడే మనుషులు బతుకుతున్నారని గుర్తుండదు.)

ఇంటికొచ్చాక పాత హార్డ్ డిస్క్ వెతికి ఆ లుంగీల ఫోటో బయటికి తీశాను. వంకరగా ఉంది, ఓ మూల నా వేలు అడ్డం. స్తంభం అంచు విరిగిన చోటుని బట్టి కొత్త ఫ్రేములో అదే మంటపాన్ని గుర్తుపట్టాను. రెండూ పక్కపక్కన పెట్టాను. పాతదాంట్లో, తాడు వెనకాల గుమ్మంలో ఒకావిడ నిలబడి ఉంది. అడక్కుండా ఫోటో తీసినందుకేమో, నా వంక కోపంగా చూస్తోంది.