అక్షరం నేర్పినంత కిట్టు నేర్పుతోందా?

ఊరి ఆడవాళ్లకు ఇచ్చిన రెండు శిక్షణలను పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లాలో సాగిన అక్షరాస్యతా కార్యక్రమం అక్షరదీపం. రెండోది 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు కిట్టుతో నేర్పే నీటి పరీక్ష. పశ్చిమ ప్రకాశానికి రెండూ దగ్గరివే. కనిగిరి, పొదిలి, దర్శి 1970 దాకా నెల్లూరు జిల్లావి. ఆ జిల్లా పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వచ్చే ఫ్లోరోసిస్ సంగతి 1937లోనే వైద్య పత్రికకెక్కింది. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చి ప్రకాశంలో కలిశాయి. తాగునీటి కష్టం మాత్రం అందరిదీ ఒకటే.

అక్షరదీపం వాచకంలోని సీతమ్మ కథలో ఆడవాళ్లు ఒక్కటై సారా దుకాణం మూయిస్తారు. తాగుడు చేటని చెప్పి ఊరుకోకుండా, ఏం చేయాలో కూడా చెప్పిన పాఠమది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో దాన్ని చేసి చూపించారు. ఊరూరా పాకిన ఆ ఉద్యమం సారా వేలంపాటలనే అడ్డుకుంది. వేలం ఆగితే సర్కారు రాబడి ఆగుతుంది, అందుకే సర్కారు కదిలింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి.

నీటి పరీక్ష కిట్టు బలం వేరు. నీళ్లలో రసాయనం చుక్కలు వేసి, తేలిన రంగును కార్డు మీది రంగులతో పోల్చాలి. గులాబీ పోయి పసుపు వైపు తిరిగితే ఫ్లోరైడ్ ఎక్కువున్నట్టు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదు. తాగుడు చేసే నష్టం ఇంట్లోనే కనబడుతుంది. ఫ్లోరైడ్ కంటికి ఆనదు, నాలుకకు తెలియదు. కాబట్టి ఇక్కడ కొలత లేనిదే పోరాటం లేదు. ఆ కొలతను ఊరి చేతికే ఇవ్వడం గొప్ప మేలు.

కానీ రంగు చూడటంతోనే శిక్షణ ముగిస్తే చాలదు. ఆ ఫలితాన్ని గ్రామసభలో తీర్మానంగా ఎలా రాయించాలి? గ్రామీణ నీటి సరఫరా ఇంజినీరు పలకకపోతే ఎవరిని అడగాలి? ఊరి చేతిలో లేనివీ ఉన్నాయి. శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లను నల్లమల కింది సొరంగాల్లో తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. దాని మీద నిర్ణయాలు పంచాయతీలో జరగవు, రాష్ట్ర బడ్జెట్టులో జరుగుతాయి. అలా పై స్థాయిని కదిలించడానికే నల్లగొండ ఫ్లోరైడ్ బాధితుల పక్షాన ఉద్యమకారులు 1996లోనే లోక్‌సభ ఎన్నికను వేదిక చేసుకున్నారు. 480 మంది అభ్యర్థులు బరిలో నిలవడంతో దేశం అటు చూసింది.

నెల్లూరు పాఠంలోనూ లోటుంది. గెలిచాక కాపలా కాయడం అది నేర్పలేదు. 1997లో మద్యనిషేధం సడలిపోయింది. కిట్టు పట్టిన మహిళలకు ఆ కాపలా చేతనవును, ఏటేటా కొలిచి చెప్పగలరు.

అందుకే పశ్చిమ ప్రకాశంలో శిక్షణకు ఇంకో రోజు కలపాలి. ఆ రోజు తీర్మానం రాయడం, సమాచార హక్కు దరఖాస్తు పెట్టడం, పది ఊళ్ల ఫలితాలు ఒక్క పట్టికలో చేర్చి బడ్జెట్టుకు ముందే ఎమ్మెల్యే ముందుంచడం నేర్పాలి. కొలవడం నేర్పిన ప్రభుత్వమే అడగడమూ నేర్పాలి.