ఆనవాలు చెప్పు విద్య

పదవతరగతి పరీక్షకు పోవు పిల్లల దరఖాస్తులలో పుట్టుమచ్చలు వ్రాయు పని ఉపాధ్యాయవృత్తిలో నాకు ఏటేట ప్రాప్తించుచుండెడిది. ఒక్కొక్కరిని చెంతకు పిలిచి, చేతులును మెడయు పరికించి, రెండేసి గుర్తులు వ్రాయుచుండగా, వర్ణన వేరు, ఆనవాలు వేరు అని నాకు క్రమముగా బోధపడినది. వర్ణన మనస్సును రంజింపజేయును; ఆనవాలు ఒకరిని పదిమందినుండి వేరుపరుపవలెను. ‘కుడిచేతిపై మచ్చ’ యన్నచో అది ఎందరికో చెల్లును. ‘కుడి ముంజేతి లోపలివైపున, మణికట్టుకు రెండంగుళముల పైన’ అన్నప్పుడే అది ఆ బిడ్డకు సొంతమగును.

అశోకవనమున సీతాదేవి, తన యెదుటివాడు రావణుడేమో యని శంకించి, రామలక్ష్మణుల దేహలక్షణములను చెప్పుమని యడుగగా, హనుమంతుడు శ్రీరాముని అవయవసంస్థానమును, స్వరమును, వర్ణమును సవిస్తరముగా విన్నవించి, ఆ తరువాతనే అంగుళీయకమును సమర్పించెను. ఉంగరమును దొంగిలింపవచ్చును గాని, దగ్గర నుండి చూచినవాని యెరుకను దొంగిలింప శక్యము కాదు. నలోపాఖ్యానమున చేదిరాజు నగరిలో మలినాంబరధారిణియై యున్న దమయంతిని సుదేవుడను విప్రుడు గుర్తింపగా, ధూళిచే మరుగుపడిన ఆమె భ్రూమధ్యమందలి పుట్టుమచ్చయే తక్కినవారికి నిదర్శన మయ్యెను.

పశువుల విషయమునను ఇదియే న్యాయము. తెల్లని మేను, ఎత్తైన మూపురము, వ్రేలాడు గంగడోలు ఒంగోలు జాతికెల్ల సామాన్యలక్షణములు గనుక, తప్పిపోయిన ఎద్దును వెదకు రైతు వానిని చెప్పి ఊరకుండడు. సుడి యెచ్చట నున్నదో, ఏ కొమ్ము ఎటు వంగినదో, ఏ చెవి చీలినదో చెప్పును. నల్లమలలో కెమెరాలకు చిక్కిన పులులను అటవీశాఖవారు చారలనుబట్టి గుర్తింతురు. ఏ రెండు పులుల చారలును ఒక్కటి కావు. ఒకే పులికి సైతము కుడి ప్రక్కవి వేరు, ఎడమ ప్రక్కవి వేరు. అందుచేతనే దారికి ఇరువైపుల కెమెరాలు అమర్తురు.

1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయము వెలసి, అజీజుల్ హక్, హేమచంద్ర బోసుల కృషి తోడై ముద్రల వర్గీకరణము శాస్త్రరూపము దాల్చినది మొదలు, ఆనవాలు చెప్పు భారము కొంత నిపుణుల పాలైనది. అయినను పుష్కరాల రద్దీలో బిడ్డ చేయి విడిపోయినప్పుడు, మతిమరపు గల తాత వీథి దాటిపోయినప్పుడు, పోలీసులు ముందుగా అడుగునది ఇంటివారి నోటిమాటనే. కావున పాఠకులారా, మీ ఇంటి పసివారిని, పెద్దలను ఒకమారు శ్రద్ధగా చూచి, మాసిపోని గుర్తులు రెండు, ఏ వైపున, ఎంత దూరమున నున్నవో నేడే వ్రాసి యుంచుడు.